పేరునకు కట్టిన వెల

మన పట్టణములలో నేదో యొక వీధి మొగను నలువది యేండ్లుగా నడచుచున్న మిఠాయి దుకాణ మొకటి యున్నదనుకొందము. యజమాని వృద్ధుడయ్యెను; కుమారులు వేఱు వృత్తులలో ప్రవేశించిరి; దుకాణమును మఱియొకరి కమ్మ నిశ్చయించుకొనెను. కొన వచ్చినవాడు పాత్రలను, పొయ్యిలను, అలమారలను, త్రాసును, మిగిలిన పంచదార బస్తాలను, నేతి డబ్బాలను లెక్కించి చూడగా వాని వెల యంతయు రెండు లక్షల రూపాయలయ్యెను. అప్పు లేమియు లేవు. అయినను యజమాని అయిదు లక్షలకు తక్కువ కియ్యననెను. కొనువాడు కొంత బేరమాడి చూచి తుద కా సొమ్మే యిచ్చెను. ఆ యెక్కువైన మూడు లక్షలు దేనికి? గోడలకు గాదు, గిన్నెలకు గాదు. ఆ వీధిని పోవువారు అలవాటు చొప్పున నా గుమ్మమే యెక్కుదురను నమ్మకమునకు, అనగా పేరునకు.

మఱునాడు క్రొత్త యజమాని చిట్టా వ్రాయ గూర్చుండును. రొక్కము అయిదు లక్షలు తఱిగినది. సామాను రెండు లక్షలు వచ్చినది. తక్కిన మూడు లక్షల నెక్కడ వ్రాయవలెను? నష్టమని వ్రాయుటకు మన సొప్పదు. నష్టపోవుటకై యెవ్వడును కొనడు గదా. ఆ నెల ఖర్చని వ్రాయుటకును వీలు లేదు. దాని ఫలము ముందు రాబోవు సంవత్సరములలో వచ్చునని తలంచి యిచ్చినది. కావున దానిని ఆస్తులలో నొక పద్దుగా వ్రాసికొనును. ఆ పద్దునకే యింగ్లీషువారు గుడ్‌విల్ అని పేరు పెట్టిరి. మన వర్తకులును ఆ మాటనే వాడుచున్నారు గనుక మేమును దానినే వాడుదుము.

ఇది వర్తకుల గొడవ, గృహస్థులకు దీనితో నేమి పని యని కొందఱు చదువరులు తలంపవచ్చును. మన పొదుపు ఇనుప పెట్టెలలోను, ధాన్యపు గాదెలలోను ఉన్న దినములలో ఆ తలంపు సరియైనదే. నేడట్లు గాదు. ఉద్యోగి భవిష్యనిధి, వృద్ధుని పింఛను, గృహిణి నెలనెలకు కట్టు మ్యూచువల్ ఫండు, బీమా సొమ్ము, ఇవన్నియు కొంతకు కొంత కంపెనీల వాటాలలోనికి పోవుచున్నవి. అందును సాంకేతిక కంపెనీలలో మన బిడ్డలనేకులు జీతములు తీసికొనుచున్నారు. అట్టి పెద్ద కంపెనీల ఆస్తి పట్టీలు చూచినచో యంత్రములకంటె, భవనములకంటె నీ గుడ్‌విల్ పద్దే పెద్దదిగా నుండుట తఱచు. కాబట్టి దీని చరిత్ర నెఱుగుట గృహరక్షణములో నొక భాగమని మా యభిప్రాయము.

ఈ పద్దు మొదట న్యాయస్థానములలో చర్చకు వచ్చినది. 1810 సంవత్సరమున ఇంగ్లండులో, సరకుల బండ్లు నడపు నొక వ్యాపారమును గూర్చిన తగవులో, లార్డు ఎల్డన్ అను న్యాయాధిపతి గుడ్‌విల్ అనగా పాత ఖాతాదారులు పాత చోటికే వచ్చు సంభావ్యత తప్ప మఱేమియు గాదని తీర్పు చెప్పెను. 1901లో లార్డు మాక్‌నాటన్ అను మఱియొక న్యాయాధిపతి, దానిని వర్ణించుట సులభమనియు, నిర్వచించుట మిక్కిలి కష్టమనియు, అది ఖాతాదారులను లాగికొని వచ్చు ఆకర్షణశక్తి యనియు చెప్పెను. ఈ రెండు మాటలలోను ఒక్కటే భావమున్నది. గుడ్‌విల్ చేతితో తాకదగిన వస్తువు గాదు. ముందు జరుగునని మన మాశించు దానికి నేడు కట్టిన వెల.

ఆశకు వెల కట్టుట తప్పు గాదు. ఆశ లేనిదే వ్యాపారమే లేదు. కాని యాశను ఆస్తిగా వ్రాసికొనినపుడు రెండు చిక్కులు వచ్చును. మొదటిది, తాను కష్టపడి సంపాదించుకొన్న పేరునకు చిట్టాలో చోటు లేదు. ఇతరులవద్ద కొన్న పేరునకే చోటున్నది. మన మిఠాయి దుకాణపు వృద్ధుడు నలువది యేండ్లు శ్రమించి పేరు తెచ్చుకొనినను ఆయన ఆస్తి పట్టీలో ఆ పేరునకు దమ్మిడీ వెల లేదు. ఎవరును వెల కట్టి కొననిదానికి యజమాని తానే వెల వేసికొనినచో దాని కంతుండదని లెక్కల పండితుల భయము. ఆ భయము న్యాయమైనదే. రెండవది, కొన్న ఆశ ఫలించినదా లేదా యని యెవరు చెప్పవలెను, ఎపుడు చెప్పవలెను? ఈ రెండవ చిక్కే మా వ్యాసమునకు విషయము.

దీనికి లెక్కల పండితులు కాలక్రమమున అనేక మార్గములు త్రొక్కిరి. బ్రిటనులో 1997 వఱకు అనేక కంపెనీలు గుడ్‌విల్‌ను కొన్న వెంటనే తమ నిలువ నిధులలోనుండి కొట్టివేయుచుండెను. కొన్న పేరు లాభనష్టముల పట్టీకి తగులకయే మాయమగుచుండెడిది. అమెరికాలో 1970లో వచ్చిన నియమముల ప్రకారము దానిని నలువది సంవత్సరములకు మించని కాలములో ఏటేట కొంత తఱుగుగా వ్రాసి లాభమునుండి తీసివేయవలెను. మన దేశమున 1994లో వచ్చిన ప్రమాణము, కంపెనీలు విలీనమైనపుడు పుట్టిన గుడ్‌విల్‌ను సామాన్యముగా అయిదేండ్లలో తీర్చివేయవలెనని చెప్పెను.

కాని యమెరికాలో ఈ తఱుగును తప్పించుకొనుటకు 1970 నియమములలోనే యొక త్రోవ యుండెను. కొన్ని షరతులకు లోబడి రెండు కంపెనీలు వాటాలు మార్చుకొని యేకమైనచో, ఒకటి రెండవదానిని కొనినట్లుగాక, రెండు ఏఱులు కలిసినట్లు తమ చిట్టాలను కలిపివేయవచ్చును. అపుడు పాత పుస్తకముల వెలలే మిగులును. నిజముగా కట్టిన వెల యెచ్చటను కనబడదు. గుడ్‌విల్ అను పద్దే పుట్టదు. 1990 తరువాత సాంకేతిక కంపెనీలు ఈ త్రోవను మిక్కిలిగా వాడుకొనెను. వందల కోట్ల డాలర్ల విలువగల వాటాలిచ్చి చిన్న కంపెనీలను కొనినను, చిట్టాలో ఆ యిచ్చిన వెలకు గుఱుతు లేకుండెను. వాటాదారుడు తన సొత్తులో నెంత భాగ మితరుల కిచ్చివేయబడినదో పుస్తకము చూచి తెలిసికొనుట కష్టమయ్యెను.

అమెరికాలో లెక్కల ప్రమాణములు నిర్ణయించు మండలి 1999లో ఈ త్రోవను మూసివేయ దలచి, గుడ్‌విల్‌ను ఇరువది యేండ్లకు మించకుండ తఱుగు వ్రాయవలెనని ప్రతిపాదించెను. సాంకేతిక కంపెనీలు గట్టిగా నెదిరించెను. ఏటేట తఱుగు వ్రాసినచో లాభములు సన్నగిల్లి కనబడుననియు, క్రొత్త పరిశ్రమలు దెబ్బతినుననియు వాదించెను. తుదకు 2001 జూన్‌లో రాజీవంటి నియమము వచ్చెను. చిట్టాలను కలిపివేయు త్రోవ మూయబడెను. ప్రతి కొనుగోలునకును కట్టిన వెల చూపవలెను. దానికి బదులుగా ఏటేట తఱుగు వ్రాయవలసిన బాధ్యత తొలగింపబడెను. సంవత్సరమున కొకమాఱైనను గుడ్‌విల్‌ను పరీక్షించి, దాని విలువ తగ్గినదని తేలినపుడు మాత్రమే, తగ్గినంత మేర ఒక్క పెట్టున కొట్టివేయవలెను. ఒక విధముగా జూచిన ఇది గొప్ప సంస్కరణము. కట్టిన వెల వెలుగులోనికి వచ్చెను. మఱియొక విధముగా జూచిన, ఆశ చెడినదో లేదో చెప్పు పని ఆ యాశ పడినవారి చేతిలోనే పెట్టబడెను.

ఈ నియమము పుట్టిన కొద్దికాలమునకే దాని కొక మహాపరీక్ష వచ్చెను. అది అమెరికా ఆన్‌లైన్, టైమ్ వార్నర్ కంపెనీల విలీనము.

టైమ్ వార్నర్ ప్రాత ఇల్లు. టైమ్ పత్రికయు, వార్నర్ సోదరుల చిత్రనిర్మాణ సంస్థయు 1923లోనే పుట్టినవి. దానికి వార్తల టెలివిజను, కేబులు తీగలు, పుస్తకములు, సంగీతము మొదలైన సొత్తు లనేకము లుండెను. అమెరికా ఆన్‌లైన్ 1985లో వేఱు పేరుతో పుట్టి, టెలిఫోను తీగల మీదుగా ఇండ్లకు ఇంటర్నెట్టు నందించి, 2000 నాటికి రెండు కోట్లకు పైగా చందాదారులను సంపాదించుకొనెను. రాబడిలో టైమ్ వార్నర్ అనేక రెట్లు పెద్దది. కాని యా దినములలో ఇంటర్నెట్టు అను పేరున్న ప్రతి వాటాకును వెల ఆకాశమున కెక్కుచుండెను. అందుచేత బజారు ధరనుబట్టి చిన్నదే పెద్దదానికంటె పెద్దదయ్యెను. 2000 జనవరి 10వ తేదీన విలీనము ప్రకటింపబడినపుడు, కలిసిన కంపెనీలో అమెరికా ఆన్‌లైన్ వాటాదారులకు నూటికి 55 పాళ్లును, టైమ్ వార్నర్ వాటాదారులకు 45 పాళ్లును నిర్ణయింపబడినవి. అమెరికా ఆన్‌లైన్ అధిపతి స్టీవ్ కేస్, టైమ్ వార్నర్ అధిపతి జెరాల్డు లెవిన్ లిద్దఱును దానిని నూతనయుగమున కారంభమని చాటిరి.

లెక్కల దృష్టిలో కొన్నది అమెరికా ఆన్‌లైన్. కొనబడినది టైమ్ వార్నర్. కట్టిన వెల రొక్కము గాదు, వాటాలు. ఆ వాటాలకు ధర ఏనాటి ధరనుబట్టి లెక్కింపవలెను? విలీనము ముగిసిన 2001 జనవరి 11వ తేదీనాటి ధరను గాదు. ప్రకటన వెలువడిన 2000 జనవరి దినములనాటి ధరను. నాటి నియమ మట్లుండెను. ఆ నడుమ గడచిన సంవత్సరములో ఇంటర్నెట్టు కంపెనీల గాలిబుడగ పగిలెను. అమెరికా ఆన్‌లైన్ వాటా డెబ్బది డాలర్లకు పైనుండి నలువదియేడు డాలర్ల ప్రాంతమునకు దిగెను. అయినను చిట్టాలో పాత ధరయే నిలిచెను. టైమ్ వార్నర్ పత్రికలకు, చిత్రములకు, తీగలకు, హక్కులకు వెల కట్టగా మిగిలినదంతయు గుడ్‌విల్ అయ్యెను. 2001 సంవత్సరాంతమున కంపెనీ చూపిన మొత్తపు ఆస్తిలో సగమునకు పైగా ఈ యొక్క పద్దే యుండెను. అనగా చదువరులు గమనింపవలసినదేమనగా, ఆ మహాసౌధములో సగమునకు మించిన భాగము, పుట్టిననాటికే క్రుంగిపోయిన ధరతో కొలిచిన ఆశ.

2002 మొదలు క్రొత్త నియమము అమలునకు వచ్చెను. ఆ సంవత్సరపు మొదటి మూడు నెలల లెక్కలలో కంపెనీ సుమారు 5,400 కోట్ల డాలర్ల గుడ్‌విల్‌ను కొట్టివేసెను. విలీనము ప్రకటింపబడిన నాటినుండి బజారు పడిపోవుటచే నిట్లయ్యెనని కంపెనీ వివరించెను. సంవత్సరాంతమున మఱల పరీక్షింపగా ఇంకొక 4,550 కోట్ల డాలర్లు పోయెను. అందులో సుమారు 3,350 కోట్లు అమెరికా ఆన్‌లైన్ విభాగమునకు చెందినవి. బజారే గాక వ్యాపారమే దెబ్బతినెను. టెలిఫోను తీగల సేవను విడిచి జనులు వేగమైన తీగలకు పోవుచుండిరి. ప్రకటనలిచ్చు క్రొత్త కంపెనీలు దివాలా తీయుచుండెను. 2002 సంవత్సరమునకు మొత్తము మీద కంపెనీ చూపిన నష్టము 9,870 కోట్ల డాలర్లు. అంతకు ముందు అమెరికాలో ఏ కంపెనీయు ఒక్క సంవత్సరములో నంత నష్టము చూపియుండలేదు. అంతకు పూర్వపు సంవత్సరముననే జే.డీ.యస్. యూనిఫేజ్ అను సాంకేతిక కంపెనీ యిట్లే కొన్న పేరులను కొట్టివేసి 5,000 కోట్ల డాలర్లకు మించిన నష్టమును చూపియుండెను.

ఇట్టి నష్టమును కంపెనీలు ప్రకటించునపుడు ఒక యోదార్పు మాట చెప్పుట వాడుక. ఇది రొక్కము కాని నష్టము, చేతినుండి నేడు పైసయు పోలేదు, ఇది కాగితపు లెక్క మాత్రమే యని. మాట యక్షరాల నిజము, భావమున మోసము. నేడు పైస పోకుండుట నిజమే, ఏలయన నాడే పోయినది. నష్టము 2002లో పుట్టలేదు, వెల కట్టిన దినమున పుట్టినది, 2002లో వ్రాతకెక్కినది. ఇల్లు కొన్నవాడు పునాది చెడినదని రెండేండ్లకు తెలిసికొనినచో, తెలిసిన దినమున తన పెట్టెలోనుండి రూపాయి పోలేదు గనుక నష్టము లేదనునా?

మఱి యా నష్టమును భరించిన వారెవ్వరు? టైమ్ వార్నర్ వాటాదారులు తమ ప్రాత ఇంటి నంతయు నిచ్చి క్రొత్త ఇంటిలో నూటికి 45 పాళ్లు పుచ్చుకొనిరి. 2002 జూలైలో ఆ వాటా పది డాలర్లకు లోపునకు దిగినది. వారిలో అతిపెద్ద వ్యక్తిగత వాటాదారుడైన టెడ్ టర్నర్ సంపద వందల కోట్ల డాలర్లు కరిగిపోయెను; అయినను ఆయనకు మిగిలినదే చాలును. మా దృష్టి యాయనపై గాదు. పత్రికలలో, చిత్రశాలలో, తీగల కార్యాలయములలో దశాబ్దములు పని చేసి తమ వృద్ధాప్యపు పొదుపును ఆ కంపెనీ వాటాలలోనే పెట్టుకొన్న ఉద్యోగులపై. వారెవ్వరును విలీనమున కాలోచన చెప్పినవారు గారు. పరీక్షల లెక్కలు వ్రాసినవారును గారు. అధిపతులో? లెవిన్ 2001 డిసెంబరులో పదవీవిరమణమును ప్రకటించెను. కేస్ 2003 జనవరిలో అధ్యక్షపదవిని వదలుకొన నిశ్చయించెను. అదే సంవత్సరము కంపెనీ తన పేరునుండి అమెరికా ఆన్‌లైన్ సంకేతమును తొలగించుకొనెను. అమెరికా ఆన్‌లైన్ విభాగము ఇంటర్నెట్టు ప్రకటనల రాబడిని హెచ్చించి చూపినదను ఆరోపణముపై, దానిని ఒప్పుకొనకయు కాదనకయు, కంపెనీ 2005లో ప్రభుత్వపు వాటాల పర్యవేక్షణ సంఘమునకు 30 కోట్ల డాలర్లు చెల్లించుట కంగీకరించెను. 2009లో అమెరికా ఆన్‌లైన్ వేఱు కంపెనీగా విడిపోయెను; 2015లో వెరైజన్ దానిని సుమారు 440 కోట్ల డాలర్లకు కొనెను. 2025 సెప్టెంబరులో దాని టెలిఫోను తీగల సేవయు నిలిచిపోయెను.

ఈ చరిత్రలో మోసము కంటె దురాశ పాలు హెచ్చు. ఆ రెంటిని వేఱుపఱచుట యెంత కష్టమో మఱియొక యుదాహరణము చూపును. 2011 ఆగస్టులో హ్యూలెట్ ప్యాకర్డు కంపెనీ, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టిన ఆటానమీ అను సాఫ్ట్‌వేరు కంపెనీని సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన నిశ్చయించెను. సంవత్సరము తిరిగి కొన్ని వారములు గడచెనో లేదో, 2012 నవంబరులో అందు సంబంధమైన 880 కోట్ల డాలర్లను కొట్టివేసి, అందులో 500 కోట్లకు పైగా ఆటానమీవారు తమ లెక్కలను తాఱుమాఱు చేయుటవలననే పోయినదని ప్రకటించెను. వ్యాజ్యములు పదేండ్లకు మించి సాగినవి. ఆటానమీ ఆర్థికాధికారి 2018లో అమెరికాలో దోషియని తేలెను. 2022లో లండను న్యాయస్థానము చాలవఱకు హ్యూలెట్ ప్యాకర్డు పక్షముననే తీర్పు చెప్పెను. కాని 2024 జూన్‌లో అమెరికాలోని జ్యూరీ ఆటానమీ సంస్థాపకుడు మైక్ లించ్‌ను నిర్దోషి యని విడిచిపెట్టెను. ఆ ఆగస్టులోనే ఆయన సిసిలీ తీరమున నౌక మునిగి మరణించెను. 2025 జూలైలో లండను న్యాయస్థానము నష్టపరిహారమును లెక్కగట్టి, హ్యూలెట్ ప్యాకర్డు నష్టము 70 కోట్ల పౌండ్లకు మించినదని చెప్పినను, అది కంపెనీ కోరినదానిలో కొద్ది భాగమే. కోరిక మితిమీఱినదని న్యాయాధిపతి యభిప్రాయపడెను. అనగా మోసము కొంత నిజము. ఆ మోసము పేరు చెప్పి తన తొందరపాటును దాచుకొనుటయు కొంత నిజము. కొట్టివేసిన ఒక్క పద్దులో ఈ రెండును కలిసి యుండును; చిట్టా వానిని వేఱుపఱచి చూపదు.

గుడ్‌విల్ అంతయు గాలిమేడ యని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పుట సత్యమునకు దూరము. మైక్రోసాఫ్టు కంపెనీ చరిత్రను చూడుడు. 2014 ఏప్రిలులో అది నోకియావారి ఫోన్ల వ్యాపారమును కొనెను; బేరము అంతకు పూర్వపు అధిపతి కాలమున కుదిరినది. మన హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల అధిపతి యైన మఱుసటి సంవత్సరము, 2015 జూలైలో, ఆ వ్యాపారమునకు సంబంధించిన 760 కోట్ల డాలర్లను కొట్టివేయుచున్నట్లును, 7,800 వఱకు ఉద్యోగములు తీసివేయుచున్నట్లును ఒక్క దినముననే ప్రకటించిరి. ఈ రెండవ సంఖ్యను చదువరులు మఱవకుందురు గాక. ఆశ చెడినపుడు పద్దు మాత్రమే గాదు, పొయ్యిలును చల్లారును. అదే కంపెనీ 2016లో లింక్‌డిన్‌ను సుమారు 2,700 కోట్ల డాలర్లకు కొని, అందు 1,680 కోట్లను గుడ్‌విల్‌గా వ్రాసికొనెను. ఏటికి సుమారు 300 కోట్లున్న లింక్‌డిన్ రాబడి 2023 నాటికి 1,500 కోట్లు దాటినది. ఆ యాశ వమ్ము కాలేదు. 2024 జూన్ చివర మైక్రోసాఫ్టు పుస్తకములలో గుడ్‌విల్ 11,900 కోట్ల డాలర్లకు పైగా నుండెను. అందేది లింక్‌డిన్ వంటిది, ఏది నోకియా వంటిది యని పద్దును చూచి యెవ్వరును చెప్పజాలరు, కాలమే చెప్పవలెను.

ఇంతవఱకు చెప్పినది పరదేశపు కథ. మన యింటి కథ యింకను చేదు. 2008 డిసెంబరు 16వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు డైరెక్టర్లు, తమ అధ్యక్షుడు రామలింగరాజు కుటుంబమునకు సంబంధించిన మేటాస్ కంపెనీలు రెంటిని 160 కోట్ల డాలర్లకు కొన నిశ్చయించిరి. సత్యం అను మాటను ఇంగ్లీషు అక్షరములలో తిరుగవేసి చదివిన మేటాస్ అగును. సాఫ్ట్‌వేరు కంపెనీకి ఇండ్ల స్థలములతోను, రోడ్లతోను ఏమి పని యని వాటాదారులు మండిపడగా కొన్ని గంటలలోనే యా బేరమును విరమించుకొనిరి. 2009 జనవరి 7వ తేదీన రాజుగారు వ్రాసిన లేఖ కారణమును బయట పెట్టెను. కంపెనీ పుస్తకములలో రొక్కము, బ్యాంకు నిలువలు అని చూపినదానిలో 5,040 కోట్ల రూపాయలు లేనివి. ఆ లేని ఆస్తుల స్థానమున నిజమైన ఆస్తులను నింపుటకు చేసిన కడపటి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు. బేరము సాగియున్నచో లేని రొక్కము వెలగా చెల్లింపబడినట్లు వ్రాయబడి, దొంగ పద్దు దొరవలె చిట్టానుండి వెడలిపోయి యుండెడిది. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము ఆయనను, మఱికొందఱిని దోషులుగా నిర్ణయించెను. కొనుగోలు అనునది కంపెనీ చిట్టాలో నెంత గొప్ప తెరయో, దాని వెనుక నేమి దాచవచ్చునో, తెలుగువారికి వేఱుగా చెప్పవలసిన పని లేదు. ఆ తెరను చించినది లెక్కల పరీక్షకులు గారు; ఎందుకు కొనుచున్నారని యడిగిన వాటాదారులు.

నియమములను గూర్చిన వాదము నేటికిని ముగియలేదు. 2004లో అంతర్జాతీయ ప్రమాణములును, 2016 నుండి మన దేశపు పెద్ద కంపెనీలకు వర్తించు క్రొత్త ప్రమాణములును అమెరికా మార్గమునే పట్టి, తఱుగును మాని పరీక్షను నిలిపినవి. మన పన్నుల చట్టములో 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు గుడ్‌విల్‌పై తఱుగు నంగీకరింపగా, 2021 ఆర్థిక చట్టము దానిని తొలగించెను. ఏటేట తఱుగు వ్రాయు పాత పద్ధతికి మరలవలెనా యని అమెరికా మండలి కొన్నేండ్లు విచారించి 2022 జూన్‌లో ఆ యాలోచనను విడిచెను; అంతర్జాతీయ మండలియు ఆ సంవత్సరమే పరీక్షాపద్ధతిని నిలుపుటకు నిశ్చయించి, కొన్న తరువాత ఫలిత మెట్లున్నదో కంపెనీలు మఱింత వివరముగా చెప్పవలెనని 2024లో ప్రతిపాదించెను. మా యభిప్రాయమున తఱుగా, పరీక్షయా అను ప్రశ్నకంటె ఈ కడపటి ప్రతిపాదనమే ముఖ్యమైనది. ఆశపడినవాడే ఆశను పరీక్షించుచున్నంత కాలము, ఆతడు నాడేమి యాశించెనో, నేడేమి వచ్చెనో ప్రక్కప్రక్కన వ్రాసి చూపుట కంటె మేలైన కట్టుబాటు లేదు.

అంతవఱకు గృహస్థులు చేయదగిన దేమి? కంపెనీ వార్షిక నివేదిక చేతికి వచ్చినపుడు లాభపు అంకెను మాత్రమే చూచి పుస్తకము మూయకుందురు గాక. ఆస్తులలో గుడ్‌విల్ ఎన్నవ వంతో చూడుడు. అది యే కొనుగోలువలన వచ్చినదో, కొన్నది యెవరిదో, కొన్నవారికి అమ్మినవారితో చుట్టరికమున్నదో చూడుడు. కొట్టివేసినచో, ఆ బేరము చేసినవారు ఆ సంవత్సరము జీతము మీద బహుమానము పుచ్చుకొనిరో లేదో చూడుడు. ఇవి గొప్ప గణితము గాదు; సంత కెళ్లిన ఇల్లాలు చింతపండు కొనునపుడు అడుగు ప్రశ్నలే. ఆమెకు గల వివేకమును కంపెనీ కాగితముల యెదుట మన మేల విడువవలెను?

మన మిఠాయి దుకాణమునకు తిరిగి వత్తము. క్రొత్త యజమాని నెయ్యికి బదులు చవుక నూనె వాడెననుకొనుడు. మూడు నెలలలో జనులు ఎదుటి గుమ్మమెక్కుదురు. ఆయన చిట్టాలో మూడు లక్షల పేరు చెక్కుచెదరకుండ నుండును. వీధిలో మాత్రము అది యెన్నడో పోయినది. ఆ దినమున ధైర్యము తెచ్చుకొని ఆ పద్దును కొట్టివేసి, నేను పొరబడితినని భార్యాబిడ్డలతో చెప్పువాడు ఇంటిని నిలుపుకొనును. సంవత్సరము వెంట సంవత్సరము దానిని మోయువాడు, చూచువారికి ధనవంతుడుగా కనబడుచునే, ఇంటిని పోగొట్టుకొనును. వేల కోట్ల కంపెనీలకును ధర్మ మింతకంటె వేఱు లేదు.